శాంపిల్ తీశాకే మందు
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ఉపన్యాస పాఠం)



సంఘంలో పోసిన పాలకు శాంపిల్ పరీక్షిస్తేగాని వెన్న శాతం తెలియదు. గేదెకు పొదుగువాపు వస్తే, ఇంజెక్షను చేయకముందే పాల శాంపిల్ తీయాలని పశువైద్యులు చెబుతారు. మందు పడ్డాక క్రిమి దొరకకపోవచ్చు. మన ఎముకకు చీము పట్టినా ఇదే సూత్రం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గడ్డిమోపులు, పాల క్యాన్లు మోసే మనకు నడుమునొప్పి కొత్త కాదు. కాని విశ్రాంతికి తగ్గని నొప్పికి జ్వరం, చెమటలు, బరువు తగ్గడం తోడైతే అది ఉత్త బెణుకు కాకపోవచ్చు. వెన్నుపూసలో క్షయ క్రిములుగాని, మామూలు చీము క్రిములుగాని చేరి ఉండవచ్చు. చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా క్రిమి కూడా కావచ్చు. పైకి మూడూ ఒకేలా కనబడతాయి, మందులు వేరు. తప్పు మందుతో నెలలు గడిపితే కాళ్లు పడిపోవచ్చు.

ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. చెడిన చోటును చూపుతాయి. క్రిమి పేరు ఖాయంగా చెప్పలేవు. మొదట రక్తపరీక్షలు చేస్తారు. బ్రూసెల్లా తరచు వాటిలోనే బయటపడుతుంది. తేలకపోతే సూదితో ముక్క పరీక్ష. మత్తు ఇంజెక్షను ఇచ్చి, స్కానింగులో చూస్తూ, బోలు సూదితో చిన్న ముక్క తీస్తారు. కొంత ఫార్మలిన్‌లో వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మిగిలినది ఫార్మలిన్ తగలని శుభ్రమైన సీసాలో కల్చరుకు పంపుతారు; ఫార్మలిన్ తగిలితే క్రిములు చస్తాయి. క్షయ జాడను సీబీనాట్ యంత్రం కొన్ని గంటలలోనే పట్టగలదు. క్షయ కల్చరుకు వారాలు పడుతుంది. ఏమీ దొరకనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు. మళ్లీ తీయవలసి రావచ్చు.

సూదికి భయపడేవారున్నారు. చూస్తూ చేసే ఈ పరీక్షలో పెద్ద ప్రమాదం అరుదు. ఆలస్యమే అసలు ప్రమాదం. 1970ల నుంచి మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం జరిపిన పరిశీలనలలో, కాళ్లు పడిపోకముందే వచ్చిన వెన్ను క్షయ రోగులలో చాలామంది ఆపరేషన్ లేకుండా మందులతోనే కోలుకున్నారు.

కనుక ఊళ్లో దొరికే యాంటీబయాటిక్ బిళ్లలు మింగకముందే జిల్లా ఆసుపత్రికో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికో వెళ్లండి. ముందే మింగి ఉంటే చీటీ చూపండి. ఇంట్లో పశువు ఈసుకుపోయినా, పచ్చిపాలు తాగినా దాచకండి. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా ఒక్కపూట కూడా ఆగవద్దు. అప్పుడు ఏది ముందో వైద్యులే నిర్ణయిస్తారు.

ఇంటి దగ్గర పాలు మరగకాచి తాగండి. ఈసుకుపోయిన దూడను, మాయను వట్టి చేతులతో ముట్టక లోతుగా పాతిపెట్టండి. 4 నుంచి 8 నెలల పెయ్యలకు బ్రూసెల్లా టీకా తప్పక వేయించండి. పశువు ఆరోగ్యమే మన ఆరోగ్యం.