బాట ప్రక్క నేల – పటములో దాని పద్దు

గ్రంథాలయ రజతోత్సవమున గ్రంథములను గూర్చి ప్రసంగించుట వాడుక. పటము సైతము ఒక గ్రంథమే. అక్షరములకు బదులు గీతలును, ప్రకరణములకు బదులు వీథులును దానియందుండును. నేడు కాగితము మీదనే గాక అంతర్జాలమునందును పటములు వ్రాయబడుచున్నవి. వానిలో నొకటి లోకులందరు కలిసి వ్రాయునట్టిది. ఆ పటములో రోడ్డు ప్రక్కనున్న కొద్దిపాటి నేలను ఏ రీతిగ నమోదు చేయవలెననునదే నేటి విషయము. ప్రశ్న చిన్నదే, ఆ నేల మీద నడుచువారు మాత్రము వేనవేలు.

జాలరిపేట చెంత సముద్రతీరపు రోడ్డున వేకువజామున నిలిచి చూచినవారికి ఈ నేల విలువ వేరుగ చెప్పనక్కరలేదు. కార్లును బస్సులును తారు మీద పోవును. తట్ట నెత్తిన పెట్టుకొని బేరమునకు బోవు చేపలమ్ము స్త్రీయు, సైకిలుపై పనికి బోవు కూలియు, బడికి బోవు పిల్లవాడును తారు అంచున పోవుదురు. ఆ అంచునే జనులు రోడ్డు మార్జిను అందురు. ఇంజనీర్లు బెర్ము అనియు, షోల్డరు అనియు అందురు. తారు అంచు చితికిపోకుండ ప్రక్కనుండి బలమిచ్చుట, చెడిన బండి నిలుచుటకు చోటిచ్చుట, నడచువానికి తావిచ్చుట అనునవి దాని ధర్మములు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 1980 నాటి ప్రమాణముల ప్రకారము, మైదాన ప్రదేశమున రెండు వరుసల జాతీయ రహదారికి నడిమి బాట 7 మీటర్లు. అంచులతో కూడ మొత్తము 12 మీటర్లు. అనగా ఒక్కొక్క ప్రక్క రెండున్నర మీటర్ల నేల యుండవలెను. ఉండవలసినదంతయు ఉన్నదా అనునది వేరు సంగతి. అది తెలియుటకే పటము కావలెను.

బాటలోని ఈ భేదమును గుర్తించుట క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రథము పోవు బాటకు అయిదు అరత్నులును, పశువులు పోవు బాటకు నాలుగును, చిన్న పశువులును మనుష్యులును పోవు బాటకు రెండును వెడల్పుగ చెప్పబడినవి. అరత్ని యనగా మూర. రథికునకే గాక కాలినడకవానికిని ఆ శాస్త్రమున ఒక లెక్క కలదు. 1984లో రద్దయిన కరణీకము నాటి గ్రామ రికార్డులలోను పుంతలును డొంకలును పోరంబోకు క్రింద విడిగనే చేరెడివి. పల్లె లెక్కలో చోటుపొందిన కాలిబాటకు ప్రపంచ పటములో చోటు లేకుండుట న్యాయము కాదు.

ఆ ప్రపంచ పటము పేరు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. 2004లో ఇంగ్లండునందు స్టీవ్ కోస్ట్ అనునతడు దీనిని ప్రారంభించెను. ఎవరైనను తమ ఊరి వీథిని ఇందు గీయవచ్చును. ఎవరైనను ఇందలి సమాచారమును ఉచితముగ వాడుకొనవచ్చును. ఇందు రోడ్డు ఒక గీత. ఆ గీతకు అడంగలులో వలె శీర్షికలును, శీర్షికకొక విలువయు ఉండును. షోల్డరు అను శీర్షిక క్రింద ఎడమ, కుడి, ఇరుప్రక్కల, లేదు అని విలువలు వ్రాయుదురు. కాలిబాటకు వేరు శీర్షికయు, పచ్చిక అంచునకు వేరు శీర్షికయు కలవు. అయితే ఏ శీర్షికనైనను ఎవరైనను కల్పింపవచ్చునను స్వేచ్ఛ కూడ ఈ పటమున కలదు. ఆ స్వేచ్ఛయే దాని బలము. వ్రాయువారిలో ఏకవాక్యత లేనిచో అదే దాని బలహీనత.

చిక్కులు ఎట్టివో చూడుడు. మొదటిది కుడియెడమల చిక్కు. ఈ పటమున కుడియెడమలు గీత గీచిన దిక్కును బట్టి నిర్ణయింపబడును. విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు గీత గీచినచో సముద్రము కుడిచేతి వైపుండును. భీమునిపట్టణము నుండి ఇటు గీచినచో అదే సముద్రము ఎడమచేతి వైపునకు వచ్చును. రోడ్డు మారలేదు, సముద్రము కదలలేదు. మాట మాత్రము తలక్రిందులైనది. కావున ఎడమ, కుడి అని వ్రాయుటకు ముందు గీత దిక్కు చూచుకొనుట విధి.

రెండవది పేరు ఒకటై అర్థము రెండగుట. ఇంగ్లండులోని మోటారు రహదారుల గట్టి అంచు ఆపదలో పడిన బండి నిలుచుటకు ఏర్పడినది. అచట సైకిలునకు, కాలినడకకు నిషేధము. అమెరికాలోని పెక్కు రోడ్లపై వెడల్పయిన తారు అంచు సైకిలువారికి దారి. మన దేశమున అదే అంచు బాటసారికి త్రోవ, బండికి నిలుపుచోటు, చిల్లర వర్తకునకు అంగడి. ఈ మూటిని ఒక్క మాటలో కుదించి “షోల్డరు కలదు” అని ఊరకున్నచో ఒక దేశమున నిజమైనది మరియొక దేశమున ప్రమాదమగును.

మూడవది వెడల్పు. రోడ్డు వెడల్పు 10 మీటర్లని ఒకరు వ్రాయుదురు. 7 అని మరియొకరు దిద్దుదురు. ఇరువురును టేపు పట్టి కొలిచినవారే. 7 మీటర్ల నడిమి బాటకు ఇరువైపుల ఒకటిన్నర మీటరు తారు అంచున్నచో మొదటివారు దానిని కలిపిరి, రెండవవారు విడిచిరి. కొలత తప్పు కాలేదు. ఎంతవరకు కొలువవలెననుటలో ఒడంబడిక లేదు.

నాలుగవది అన్నిటికంటె సూక్ష్మము. గడి ఖాళీగ ఉండుట వేరు, “లేదు” అని వ్రాసియుండుట వేరు. లెక్కలు వ్రాయువారికి ఈ భేదము ప్రాణసమము. ఖాళీ గడి “ఎవరును చూడలేదు” అని చెప్పును. “లేదు” అను మాట “చూచితిమి, అచట అంచు లేదు” అని సాక్ష్యమిచ్చును. అంచు లేని రోడ్డును “లేదు” అని వ్రాయుట వ్యర్థశ్రమయని కొందరు తలతురు. నిజమునకు ప్రాణములు కాపాడు పద్దు అదియే. నడుచుటకు తావు లేని చోటు ఏదియో అదియే చెప్పును.

అంచును వేరు గీతగ గీయవలెననువారు కొందరు కలరు. నడుమ గోడయో గట్టో ఉన్నప్పుడు అది తగును. అడ్డేమియు లేని చోట వేరు గీత గీచినచో, దారి చూపు యంత్రము దానిని వేరు రోడ్డని భ్రమించి, ఒక అడుగు ప్రక్కకు వేయదగిన చోట చుట్టుదారి చూపును. కావున అంచును రోడ్డు గీతకు గుణముగ వ్రాయుటయే మేలు. అది ఏ ప్రక్క నున్నది, దేనితో చేయబడినది, ఎంత వెడల్పు అను మూడును మూడు పద్దులుగ వ్రాయవలెను. దానిపై ఎవరు పోవచ్చుననునది నాలుగవ పద్దు. కంటికి కనబడునది, టేపునకు అందునది మొదటి మూడింటిలో. చట్టమునకు చెందినది నాలుగవ దానిలో. ఈ రెండింటిని కలిపివేయుటయే పెక్కు తగవులకు మూలము.

ఒడంబడిక కుదురు పద్ధతి ఆ పటకారులకు లేకపోలేదు. క్రొత్త శీర్షికను కోరువారు ప్రతిపాదనను పదిమంది ముందుంచుదురు. కనీసము రెండు వారములు చర్చ జరుగును. పిదప ఓటు తీయుదురు. అందరును ఒప్పుకొనని చోట వాడుకయే తీర్పు చెప్పును. భాషయందు మాట నిలుచు తీరును ఇట్టిదే కదా!

ఒక్క కొలతకు కట్టుబడుట ఈ విశాఖపట్టణమునకు క్రొత్త పాఠము కాదు. దేశమును త్రికోణములుగ కొలిచిన మహాసర్వేలో 1862-63లో ఇచట ఒక ఆధారరేఖ కొలువబడినది. అంతకుముందు కలకత్తాలోను, డెహ్రాడూనులోను, బీదరులోను వాడిన కోల్బీ దండముల పద్ధతియే ఇచటను వాడబడినది. ఊరికొక దండముతో కొలిచియున్నచో ఆ త్రికోణములు ఒకదానితో నొకటి అతుకక పోయెడివి. గ్రంథాలయమునందును అంతే. 1933లో రంగనాథన్ గారు కోలన్ వర్గీకరణమును ప్రకటించినది పుస్తకములను ఒక ఒప్పందము చొప్పున అమర్చుటకే. బీరువాలో పుస్తకమున్నను, దాని పేరు తలకొక తీరున వ్రాసినచో వెదకువానికి అది లేనట్లే. రోడ్డు అంచు సంగతియు ఇట్టిదే.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది కాలినడకవారు. ఈ మరణములన్నియు అంచు లేకపోవుట చేతనే కలిగినవని చెప్పుట తగదు. అంచు ఎచట తెగిపోయినదో, ఎచట గుంతపడినదో, ఎచట అంగళ్లు ఆక్రమించినవో తెలియని పట్టణము దానిని బాగుచేయుట ఎట్లు? పటములో పద్దున్నచో అర్జీకి ఆధారముండును. లేనిచో ఫిర్యాదు గాలిమాటయగును.

ఈ గ్రంథాలయమున చదువుకొను యువకులును యువతులును ఒక టేపును, ఒక నోటు పుస్తకమును చేబూని జాలరిపేట నుండి తీరపు రోడ్డు వెంట బయలుదేరవచ్చును. నూరు మీటర్లకొకసారి ఆగి, సముద్రము వైపు అంచెంత, ఊరి వైపు ఎంత, మట్టియా తారా అని వ్రాయవచ్చును. లేని చోట “లేదు” అని తప్పక వ్రాయవలెను. తరువాత ఉక్కు కర్మాగారము వైపు, కూర్మన్నపాలెము దాక జాతీయ రహదారి వెంట బస్టాపు బస్టాపునకును ఆగి అట్లే చేయవచ్చును. రహదారిపై కొలుచునపుడు ఇరువురు కొలిచి, ఒకరు బండ్లను కనిపెట్టియుండుట క్షేమము.

ఇరువది యైదేండ్లుగ పదిమంది చేతి పుస్తకములను భద్రపరచిన ఈ గ్రంథాలయము, పదిమంది కాలి బాటలను సైతము లెక్కకెక్కించి మరింత వర్ధిల్లుగాక.