విశ్వాసము - ధైర్యము



ధైర్యము దేహబలమువలన గలుగునది గాదు. మనస్సును మాటయు నొక్కటియైనవానికి విశ్వాసమువలన గలుగును. ఇందుకు నిదర్శనము మన మాదిగకులమునందే యున్నది.

తోళ్లవర్తకులైన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు 1866లో ఒంగోలున బాప్తిస్మము పొంది, ఊరూర తనవారికి సువార్త జెప్పిరి. విశ్వసించినవారు మూడు నియమములు బూనిరి: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము దినరాదు, విగ్రహముల గొలువరాదు. జాతరలలో డప్పు మ్రోయింపబోమనిరి. గ్రామపెద్దలు కినిసి, పలుచోట్ల కూలి మాన్పించిరి, నీళ్ల కడ్డుపడిరి, అంగళ్లలో సరకు లమ్మనీయరైరి. అయినను వారు వెనుదీయలేదు.

1876-78 క్షామమున మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి కూలి నిప్పించిరి. ఆ దినములలో బాప్తిస్మ మడిగినవారికి ఇయ్యరైరి. కూటికై చేరిరను మాట రాగూడదని వారి తలంపు. సాయము ముగిసినపిదప, 1878 జూలై 3న గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లికడ 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పంచిపెట్టుటకు కాసులేని దినమున వచ్చినవారి విశ్వాసమును శంకింప నెవరితరము?

మఱి నేడో? 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి క్రైస్తవులైన మనవారికి షెడ్యూల్డు కులముల హోదా లేదు. అందుచే కాగితమున నొక మతము, ప్రార్థనలో నొక మతముగా బ్రతుకువారున్నారు. పేదఱిక మెఱిగినవాడను, వారిని నిందింపను. కాని బిడ్డకు మనము మొదట నేర్పునది దాపఱికమే యైనచో, వానికి ధైర్య మెక్కడినుండి వచ్చును? ఉత్తరువు మారవలెనని బహిరంగముగ, న్యాయముగ నడుగుదము; పేరయ్యగారివలె నిజము చెప్పి నిలుతము.

ప్రభువు మనకు తోడగుగాక.