వజ్రంలోని లోపం, కంప్యూటరులోని నమూనా

బెల్తరా, బిలాస్‌పూర్ ప్రాంతాల ప్రజలకు రైల్వే పరిభాష కొత్త కాదు. పూర్వపు ఒంటిలైను మార్గాలలో డ్రైవరు చేతికి టోకెన్ అందనిదే బండి కదిలేది కాదు. ఒక సెక్షనుకు ఒకేసారి రెండు టోకెన్లు వెలువడేవి కావు.

క్వాంటం సమాచారానికీ ఇటువంటి నిబంధన ఉన్నది. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. కనుక దూరప్రయాణంలో క్షీణించే సంకేతాన్ని నకళ్లతో బలపరచడం సాధ్యం కాదు. నడుమ స్టేషన్లు కావాలి. ఒకవైపు లంకె కుదిరిన తరువాత రెండవవైపు కుదిరేవరకు, క్రాసింగు కోసం ఆగిన బండివలె, ఆ స్థితి నిలిచి ఉండాలి. దానిని నిలిపి ఉంచేదే క్వాంటం స్మృతి.

కృష్ణాతీరాన కొల్లూరు గనుల కాలం నుండి రత్నపరీక్షకులు లోపంలేని వజ్రాన్నే మెచ్చుకొన్నారు. భౌతికశాస్త్రజ్ఞుడు మాత్రం ఒక లోపాన్ని కోరుతాడు. ఒక కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, ప్రక్క స్థానం ఖాళీగా ఉండాలి. అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్‌ను మైక్రోతరంగాలతో మార్చవచ్చు. పచ్చని లేజరు కాంతి సోకినపుడు వెలువడే ఎర్రని వెలుగునుబట్టి దానిని చదువవచ్చు. అయితే ఆ లోపం ఏకాకిగా ఉండాలి. పరిసరమంతా స్వచ్ఛంగా ఉండాలి. సమీపంలోని కార్బన్-13 కేంద్రకాలు సమాచారాన్ని మరింత కాలం దాచుకొంటాయి. 2019లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు అతిశీతల స్థితిలో ఒక క్యూబిట్‌ను 75 సెకన్లు నిలుపగలిగారు.

ఇటువంటి ప్రయోగశాల అందరికీ అందేది కాదు. అందుచేతనే కంప్యూటరు నమూనాకు ప్రాధాన్యం. ఎలక్ట్రాన్‌కు మూడు స్థితులు, ఒక్కొక్క కార్బన్-13 కేంద్రకానికి రెండు. పది కేంద్రకాలను చేర్చితే 3,072 స్థితులు. ఇరవై చేర్చితే 31,45,728. ఒడిదుడుకులను కూడ లెక్కించాలంటే ఆ సంఖ్య వర్గమంత పట్టిక కావాలి. కనుక సమీప కేంద్రకాలను విడివిడిగా, దూరపువాటిని చిన్న గుంపులుగా గణిస్తారు. చిన్న నమూనాలకు సాధారణ కంప్యూటరు, క్యుటిప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు చాలును.

2023లో కేంద్రప్రభుత్వం రూ. 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఆ కృషిలో చిన్న పట్టణాల విద్యార్థులకు చోటు దొరకాలంటే ఈ నమూనాలే తొలిమెట్టు. కాని ఒక హెచ్చరిక అవసరం. పరిసరాల అలజడిని లెక్కలో చేర్చని నమూనా స్మృతికి అంతులేని ఆయుష్షు చూపుతుంది. వజ్రం అలా ప్రవర్తించదు. ప్రయోగంలో కొలిచిన విలువతో సరిచూడనిదే నమూనాకు విలువ లేదు. తన లెక్కలోని లోపాన్ని తానే వెదకే అలవాటు ఉన్న విద్యార్థికి, అతడు బిలాస్‌పూర్‌వాడైనా గుంటూరువాడైనా, ఈ శాస్త్రంలో ప్రవేశం లభించితీరుతుంది.