వాపును పిలిచేదీ, సాగనంపేదీ ఒకే కొవ్వు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బీదరు ఎర్రనేలపై పరుగెత్తి మోకాలు చెక్కుకోని విద్యార్థి ఈ డెబ్బై అయిదేళ్లలో ఒక్కరూ ఉండరు. పడిన కాసేపటికి గాయం ఎర్రబడి, వేడెక్కి, వాచేది. నాలుగు రోజులకు తగ్గేది. వాపు రావడం సరే, తగ్గమని దానికి చెప్పిన వారెవరు?

మన కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. అది 20 కర్బన పరమాణువుల గొలుసు. గాయం తగలగానే ఒక ఎంజైము దానిని పొర నుండి విడదీస్తుంది. సైక్లోఆక్సిజినేజ్ దానికి ఆమ్లజనిని చేరిస్తే ప్రోస్టాగ్లాండిన్లు, లైపాక్సిజినేజ్ చేరిస్తే ల్యూకోట్రైన్లు పుట్టే మార్గం తెరచుకుంటుంది. ల్యూకోట్రైన్ బి4 తెల్లరక్తకణం పైనున్న గ్రాహకాన్ని తాకగానే కణం లోపల కాల్షియం పెరుగుతుంది. కణం గాయం వైపు కదులుతుంది. నొప్పికీ జ్వరానికీ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ముఖ్య కారణం. దాని తయారీని ఆస్పిరిన్ ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపారు. 1982లో ఆయనకు బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

వాపు దానంతటదే చల్లారుతుందని చాలాకాలం అనుకున్నారు. 1984లో సెర్హన్, హాంబెర్గ్, శామ్యూల్సన్ అదే ఆమ్లం నుండి పుట్టే లైపాక్సిన్లను కనుగొన్నారు. తెల్లరక్తకణాల రాకను ఇవి తగ్గిస్తాయి; చచ్చిన కణాలను మింగి శుభ్రపరచమని మాక్రోఫేజ్ కణాలను పురికొల్పుతాయి. 2001లో మరొక వింత తేలింది. వాపును పెంచిన ప్రోస్టాగ్లాండిన్ ఇ2యే కణాలను ల్యూకోట్రైన్ల తయారీ నుండి లైపాక్సిన్ల తయారీకి మళ్లిస్తుందట! పెళ్లికి పిలిచిన పెద్దమనిషే తాంబూలమిచ్చి సాగనంపినట్లన్నమాట. ఆ సాగనంపు సరిగా జరగని చోట వాపు తిష్ఠ వేస్తుంది. ఉబ్బసం, కీళ్లవాతం వంటి వ్యాధులలో ఈ లోపం ఉన్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఈ రంగంలో మన పొరుగునే కృషి జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య పల్లు రెడ్డన్న బృందం, స్పైరులినాలోని నీలిరంగు ప్రొటీను సి-ఫైకోసయనిన్ సైక్లోఆక్సిజినేజ్-2ను ప్రత్యేకించి నిరోధిస్తుందని 2000లో ప్రకటించింది. అది ప్రయోగశాలలో తేలిన ఫలితం. స్పైరులినా మాత్రలు అమ్మేవారు చెప్పే మాట వేరు.

ఇక మన వంటిళ్ల సంగతి. మన ప్రాంతపు కుసుమ నూనెలో 70 శాతానికి పైగా లినోలిక్ ఆమ్లమే. అరాకిడోనిక్ ఆమ్లానికి అదే ముడిసరుకు కనుక కుసుమ నూనె మానేయాలా అని తల్లులు అడుగుతుంటారు. అక్కరలేదు. లినోలిక్ ఆమ్లం ఎక్కువగా తిన్నవారి రక్తంలో అరాకిడోనిక్ ఆమ్లం గానీ, వాపు సూచికలు గానీ పెరిగినట్లు పరీక్షల్లో కనిపించలేదు. అవిసె గింజల్లో ఒమేగా-3 ఆమ్లం పుష్కలం. అయితే వాపును ముగించే రిసాల్విన్లకు చేపలలో దొరికే ఇపిఎ, డిహెచ్‌ఎ ఆమ్లాలు కావాలి. అవిసె ఆమ్లంలో కొద్దిభాగమే మన దేహంలో అలా మారుతుంది. రొట్టెలోకి అవిసెపొడి కమ్మగా ఉంటుంది, తినండి. కానీ పిల్లవాడికి ఆయాసం వచ్చిననాడు అవిసెపొడిని నమ్ముకుని వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం ఆలస్యం చేయవద్దు.