బందరు రేవుకు వచ్చిన ఆర్మీనియనులు – మన పాత రిజిస్టర్లు

(శతవార్షికోత్సవ సభలో విజయవాడ వన్ టౌన్ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



శతవార్షిక సంవత్సరంలో ఒక్కొక్క సంఘం ఒక్కొక్క విషయం మీద మాట్లాడవలెనని కమిటీవారు కోరినప్పుడు, మేము ఆర్మీనియనుల గురించి చెబుతామన్నాము. “మనకూ వారికీ ఏం సంబంధం?” అని కొందరు నవ్వారు. మొదట మాకూ తెలియదు. తెలుసుకున్న కొద్దీ, ఈ ఉత్సవ సమయంలో మనం వినవలసిన మాట ఒకటి వారి దగ్గర ఉన్నదని తోచింది. అది చెప్పడానికే నిలబడ్డాము.

ఆర్మీనియా పేరు వినగానే మనకు తోచేది అరారాతు పర్వతం. నోవహు ఓడ కథ ద్వారా సండే స్కూలు పిల్లలకు కూడా ఆ పేరు తెలుసు. నేడు ఆ పర్వతం టర్కీ దేశంలో ఉన్నది. అయినా ఆర్మీనియా రాజధాని యెరెవాన్ నుండి చూస్తే ఎదుటనే కనబడుతుంది. క్రీ.శ. 301లో, గ్రెగరీ అనే భక్తుని బోధవలన, రాజుతో సహా ఆ దేశం క్రైస్తవ మతాన్ని రాజ్య మతంగా స్వీకరించినదని వారి సంప్రదాయం. ప్రపంచంలో మొదటి క్రైస్తవ రాజ్యం తమదేనని వారు చెప్పుకుంటారు. అయితే నూరేండ్లపాటు వారికి సొంత లిపి లేదు. గుడిలో చదివేది గ్రీకు లేక సిరియా భాష. వినేవారికి అర్థం కాదు. క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్టోత్స్ అనే సన్యాసి 36 అక్షరాలు కూర్చి, బైబిలును తర్జుమా చేయడానికి పూనుకున్నాడు. శ్రీరాంపూరు మిషనరీలు 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చువేసిన సంగతి మనం సగర్వంగా చెప్పుకుంటాము గదా! స్వభాషలో వాక్యం చదువుకోవడంలోని ఆనందం ఎటువంటిదో వారికీ మనకూ ఒకేలా తెలుసు.

ఇక వారు మన తీరానికి ఎలా వచ్చారు? 1604–05లో పారశీక చక్రవర్తి షా అబ్బాసు, అరాస్ నది ఒడ్డున ఉన్న జుల్ఫా పట్టణపు ఆర్మీనియనులను ఇండ్లు వాకిళ్లు విడిపించి తన దేశానికి తరలించాడు. ఇస్ఫహాను పక్కన వారు కొత్త జుల్ఫా కట్టుకున్నారు. పట్టు వర్తకంలో ఆరితేరి, అక్కడి నుండి లోకమంతా తిరిగారు. గోలకొండ సుల్తానుల కొలువులో పారశీకమే రాజభాష. ఆ భాష తెలిసిన ఆర్మీనియనులకు గోలకొండ రాజ్యం పరాయిగా తోచలేదు. ఆ రాజ్యానికి రేవు మన బందరు. బందరు నుండి కలంకారీ వస్త్రాలు పారశీక దేశానికి ఓడలలో వెళ్లేవి. ఆ వ్యాపారంలో వారికీ భాగం ఉండేది.

వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన మాకు వ్యాపారస్థుల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఎక్కడో రాజస్థాన్ నుండి వచ్చి, మా వీధుల్లో కొట్టు పెట్టి, తెలుగులో బేరమాడుతూ, చిట్టా మాత్రం తమ లిపిలో రాసుకునే మార్వాడీ శేట్లను చిన్ననాటి నుండి చూసినవారమే. ఆర్మీనియనులూ అంతే. జుల్ఫాలోని షావుకారు పెట్టుబడి ఇచ్చి గుమాస్తాను పంపేవాడు. గుమాస్తా ఏండ్ల తరబడి ఊళ్లు తిరిగి, తిరిగివచ్చి లెక్క అప్పజెప్పి, లాభంలో వాటా తీసుకునేవాడు. హోవ్హాన్నెస్ అనే గుమాస్తా 1682 నుండి 1693 వరకు మన దేశంలోనూ టిబెట్టులోనూ తిరుగుతూ రాసుకున్న లెక్కల పుస్తకం ఒకటి నేటికీ లిస్బన్ గ్రంథాలయంలో ఉన్నది. ఆ గుమాస్తా పోయాడు, ఆ కొట్లు పోయాయి. రాసినది మిగిలింది. ఈ ముక్క గుర్తుంచుకొనవలెనని మనవి.

హైదరాబాదు పాతబస్తీ దగ్గర ఉప్పుగూడలో ఆర్మీనియనుల పాత సమాధులు ఉన్నాయి. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి వచ్చి, మరల ఇల్లు చూడని వారివి అవి. రాళ్లమీద వారి అక్షరాలే. చుట్టుపక్కల చదవగలిగిన వారు ఎవరూ లేరు. అయినా ఇటువంటి రాళ్ల కింద ఉన్నవారి పేర్లు మనకు తెలుస్తున్నాయంటే, కలకత్తాకు చెందిన మెస్రోవ్ సేత్ అనే పండితుడు ఊరూరా తిరిగి సమాధి రాళ్లు చదివి, 1937లో పెద్ద గ్రంథంగా అచ్చువేయించడమే ముఖ్య కారణం. ఎండకూ వానకూ రాయి అరుగుతుంది. కాగితం మీదికి ఎక్కిన పేరు ఇంకొంత కాలం నిలుస్తుంది.

గత ఏడాది మాలో కొందరం రైలెక్కి చెన్నై వెళ్లి, జార్జిటౌన్‌లోని ఆర్మీనియన్ వీధిలో వారి చర్చి చూచి వచ్చాము. అక్కడ మొదటి చర్చి 1712 నాటిది. ఇప్పుడున్నది 1772లో కట్టినది. గంటల గోపురంలో ఆరు గంటలు. వాటిలో రెండింటి మీద లండను నగరపు థామస్ మియర్స్ పేరు, 1837 సంవత్సరం ఉన్నవి. ఒక గంట మీద మాత్రం తమిళ అక్షరాలు! పరదేశపు విశ్వాసులు ఈ నేలమీద తమ గంటకు ఈ నేల భాషనే తొడిగారన్నమాట. ఆవరణ నిండా సమాధులు. ఆర్మీనియన్ కుటుంబాలు మాత్రం అక్కడ లేవు. వారం వారం ఆరాధన జరగదు. కలకత్తాలోని వారి సంఘమే ఆ గుడిని కనిపెట్టి చూస్తున్నది.

ఆ ఆవరణలో హరుత్యూన్ ష్మావోన్యన్ అనే గురువు సమాధి ఉన్నది. షీరాజులో పుట్టి మద్రాసు వచ్చిన ఈయనకు ఇద్దరు కుమారులు ఒకే వారంలో చనిపోయారు. ఆ దుఃఖంలో కొంతకాలం లోకానికి దూరమై, తరువాత తిరిగివచ్చి, అచ్చుయంత్రం పెట్టి, 1794 అక్టోబరులో ‘అజ్దరార్’ అనే పత్రిక ప్రారంభించాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దూరాన ఉన్న తమవారి వార్తలు అందులో వేసేవాడు. 1796 వరకు 18 సంచికలు వెలువడ్డాయి. చిన్న పత్రికే. అయితే లోకం మొత్తంమీద ఆర్మీనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదే. అది పుట్టినది ఆర్మీనియాలో కాదు, మన మద్రాసులో!

అంతకుముందే, 1772లో, షహమీర్ షహమీర్యన్ అనే వర్తకుడు మద్రాసులో ముద్రణాలయం పెట్టించాడు. అప్పటికి ఆర్మీనియనులకు రాజ్యం లేదు. లేని రాజ్యానికి, రానున్న కాలానికి, ప్రజలు ఎన్నుకునే పార్లమెంటు ఉండవలెనని రాజ్యాంగం రాసి అక్కడే అచ్చువేయించారు. మరొక వర్తకుడు, ఖోజా పెట్రుస్ ఉస్కాన్, పరంగిమలకు మెట్లు కట్టించి, అడయారు నదిమీద తన సొమ్ముతో వంతెన వేయించాడు. వంతెన మరమ్మతులకు విడిగా నిధి కూడా ఏర్పరచాడు. కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని కాపాడడం ఒక ఎత్తు అని ఆయనకు తెలుసు.

వారి తరువాతి చరిత్ర కన్నీటి చరిత్ర. 1915 ఏప్రిల్ 24న మొదలైన మారణకాండలో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని ఆర్మీనియనులు లక్షలాదిగా చంపబడ్డారు. మిగిలినవారు చెల్లాచెదరయ్యారు. 1991లో ఆర్మీనియా స్వతంత్ర రిపబ్లిక్ అయింది గాని, నేటికీ స్వదేశంలో ఉన్నవారికంటె బయట ఉన్నవారే ఎక్కువ. 2023 సెప్టెంబరులో నగోర్నో కరబాఖ్ నుండి లక్షమందికి పైగా ఆర్మీనియనులు కొద్ది రోజులలోనే ఇండ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. కలకత్తాలో నేడు వారు కొద్దిమందే. అయినా 1724 నాటి నజరేతు చర్చి అక్కడ నిలిచే ఉన్నది. 1821లో స్థాపించిన వారి విద్యాలయమూ ఉన్నది. వారి ఆచారం ప్రకారం జనవరి 6వ తేదీన క్రిస్మసు ఆచరిస్తారు.

1915లో జరిగిన ఒక సంగతి చెప్పి మా విషయానికి వస్తాము. ముష్ అనే ఊరి మఠంలో ఎనిమిది వందల ఏండ్లనాటి ప్రసంగాల గ్రంథం ఒకటి ఉండేది. చేవ్రాత పుస్తకం, బరువు 28 కిలోలు. ప్రాణభయంతో పారిపోతున్న ఇద్దరు స్త్రీలు దాన్ని చూశారు. ఒక్కరు మోయలేరు. రెండు భాగాలు చేసి చెరొకటి ఎత్తుకున్నారు. ఒకామె దారిలోనే చనిపోయింది. అయినా రెండు భాగాలూ చివరకు దక్కాయి. నేడు ఆ గ్రంథం యెరెవాన్‌లోని మతెనదరాన్ అనే పుస్తక భాండారంలో ఉన్నది.

ప్రియులారా, ఇది విన్నప్పుడు మేము తల వంచుకున్నాము. ఎందుకో చెబుతాము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సంఘపు పాత బాప్తిస్మపు రిజిస్టరు, భూస్థాపన రిజిస్టరు సింగ్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంట ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆయన కార్యదర్శిగా ఉన్నప్పుడు భద్రం కోసం తీసుకువెళ్లినవి. ఆయన ప్రభువునందు నిద్రించి ఏండ్లయింది. తిరిగి తెచ్చుకోవలెనని మాలో ఎవరికీ తోచలేదు. నీళ్లు తీసిన తరువాత పెట్టె తెరిస్తే పుస్తకాలు రొట్టెముద్దలా ఉన్నాయి. తప్పు వరదది కాదు, మాది.

వార్తాపత్రికల కాగితాల మధ్య పెట్టి, ఫ్యాను కింద ఒక్కొక్క పుట ఆరబెట్టాము. సగం పుటలు విడివడ్డాయి. వాటిలోనూ చాలాచోట్ల సిరా కరిగిపోయింది. మా సంఘంలో ఎనభై ఆరేండ్ల పెద్దమ్మగారు ఉన్నారు. ఆమెను కూర్చోబెట్టి చెరిగిన వరుసలు చూపిస్తే, “ఇది ఫలానావారి పెండ్లి ఏడు, ఈమె ఫలానావారి రెండవ కోడలు” అని చెబుతూ వచ్చారు. యౌవనస్థులు రాసుకున్నారు. ఒకచోట ఆమె ఆగిపోయారు. పుట్టిన కొద్ది దినాలకే పోయిన తన తమ్ముని పేరు ఆ పుటలోనే ఉండేదట. ఆ పేరు ఆమెకు గుర్తు లేదు. ఆ బిడ్డకు ఫోటో లేదు, సమాధిరాయి లేదు. లోకంలో ఆ పేరున్నది ఆ ఒక్క వరుసలోనే. ఇప్పుడు అక్కడ నీలిమరక ఉన్నది.

ఆ నెలలోనే అమెరికాలో ఉన్న మా సంఘపు బిడ్డ ఒకరు, ముత్తాతగారి బాప్తిస్మం తేదీ కావలెనని ఫోను చేశారు. ఇవ్వలేకపోయాము.

కనుక శతవార్షిక కమిటీవారికి మూడు మనవులు. మొదటిది, ఈ అధ్యక్ష ఖండంలోని ప్రతి సంఘం పాత రిజిస్టర్లను ఇండ్ల నుండి గుడికి తెప్పించి, ఫోటోలు తీయించి, ఒక ప్రతి వేరొక ఊరిలో ఉంచవలెను. రెండవది, యౌవనస్థులు పలకలు పట్టుకుని సమాధుల తోటలకు వెళ్లి, రాళ్లమీది పేర్లు అరిగిపోకముందే రాసుకొనవలెను. మూడవది, పరదేశాలలో ఉన్న మన బిడ్డలకు తెలుగు చదవడం నేర్పవలెను. ఎంత భద్రం చేసినా, చదవగలవాడు లేకపోతే మన రిజిస్టర్లూ ఉప్పుగూడ రాళ్లవంటివే అవుతాయి.

నూరేండ్ల పండుగకు తోరణాలు కట్టాము, గంటలు మోగించాము. సంతోషమే. ఆ పెద్దమ్మగారు ఇంకా మా మధ్య ఉన్నారు. ప్రతి సంఘంలోనూ అటువంటి వారు ఒకరిద్దరైనా ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన ముగియగానే వారి పక్కన ఒక నోటుపుస్తకంతో కూర్చుంటారని ఆశిస్తూ, మా మాటలు ముగిస్తున్నాము.