తుపాను వేళ ఎవరి మాట వినవలెను?

(తళిలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన తళి సముద్రమునకు దూరమున, మెట్టసీమలో నున్న ఊరు. తుపాను అనునది మచిలీపట్టణమునకో కడలూరునకో చెందిన ఆపద యని తలచుట ఈ ప్రాంతమున వాడుక. ఆ తలంపునకు కాలము చెల్లినది. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి చెంత తీరము దాటినది. దాటిన పిదప బలము తగ్గియు మెల్లమెల్లగా పడమటికి జరిగినది. డిసెంబరు 2వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో మన కృష్ణగిరి జిల్లాలోనే, ఊత్తంగరైలో, 50 సెంటీమీటర్ల వాన కురిసినది. చెరువు పొంగి, దారి ప్రక్కన నిలిపిన వాహనములను నీరు ఈడ్చుకొనిపోయినది. ఆ మేఘము మరికొంత పడమరగా వచ్చి నిలిచియుండిన మన గతి యేమి?

కనుక నేడు మన ముందున్న ప్రశ్న యిది. అట్టి రాత్రి మన యిండ్లలో వార్తకై ఎవరి వైపు చూచెదము?

మన యిండ్లలో మూడు గొంతులు వినవచ్చును. టెలివిజనులో తెలుగు వార్తలు హైదరాబాదు నుండి వచ్చును. ఎల్లకు ఆవల నున్న బెంగుళూరు నుండి కన్నడ వార్తలు వచ్చును. చెన్నపట్టణము నుండి తమిళ వార్తలు వచ్చును. అవ్వలకు, తాతలకు మొదటి గొంతే ప్రియము; అది మాతృభాష గదా! కాని హైదరాబాదు వార్త విశాఖ వానను చెప్పును, నెల్లూరు గాలిని చెప్పును. దెంకణికోట తాలూకా మాట చెప్పదు. అది దాని దోషము కాదు. దాని శ్రోతలు వేరు. ఆంధ్ర తీరమున ప్రమాదము లేదని విని, మనకును లేదని నిశ్చింతగా నిద్రించుటయే మన దోషమగును.

మన జిల్లాకు వాతావరణ సూచన వెలువరించు బాధ్యత చెన్నపట్టణములోని ప్రాంతీయ వాతావరణ కేంద్రమునది. అయినను బెంగుళూరు మాట మనకు అక్కరలేదని తలచరాదు. హోసూరు మీదుగా పారు దక్షిణ పినాకిని నందికొండల చెంత పుట్టి, కర్ణాటకపు నీటిని తెచ్చును. అచ్చట పెద్దవాన పడినచో కెలవరపల్లి ఆనకట్టకు నీరు వచ్చును. ఇచ్చట ఆకాశము నిర్మలముగా నున్నను ఏటి యొడ్డున నున్నవారికి వెరపు తప్పదు. వాన కబురు చెన్నపట్టణమునుండి, ఏటి కబురు బెంగుళూరు దిక్కునుండి తెలిసికొనుట మన ప్రాంతపు ధర్మము.

ఇక భాషను గూర్చి ఒక మాట. ఇది చిన్న విషయముగా తోచును గాని, ప్రాణముల మీదికి వచ్చునంతటిది. వాతావరణ శాఖ వారు ఒక దినమున కురియు వానను మెట్లుగా విభజించిరి. 6.5 మొదలు 11.5 సెంటీమీటర్ల వరకు ఒక మెట్టు; 11.6 మొదలు 20.4 వరకు రెండవ మెట్టు. ఆ పైది మూడవది. తెలుగు వార్తలలో వీనిని భారీ, అతి భారీ, అత్యంత భారీ వర్షములందురు. తమిళ ప్రకటనలలో కనమళై, మిగ కనమళై, అతి కనమళై అందురు. గమనింపుడు: తెలుగున ‘అతి’ నడిమి మెట్టు, తమిళమున ‘అతి’ చివరి మెట్టు. తమిళ ప్రకటనలో ‘అతి కనమళై’ అని విని, మన వారు తెలుగు వాడుక ననుసరించి నడిమి మెట్టని తలచినచో, రానున్న వానను సగముగా ఎంచినట్లగును. ఊత్తంగరైలో కురిసినది ఆ మూడవ మెట్టు హద్దునకు రెండింతలు దాటినది. రెండు భాషలు తెలిసిన యింట కూడ ఈ పొరపాటు దొరలుట సులభము. ఏలయన పదము ఒక్కటే, పరిచయమైనదే.

దీనికి రంగులు కొంత సాయపడును. పసుపు రంగు జాగ్రత్తగా నుండుమని, నారింజ రంగు సిద్ధపడుమని, ఎరుపు రంగు వెంటనే పూనుకొనుమని తెలుపును. చదువు రాని అవ్వకైనను ఎరుపన నేమో తెలుపవచ్చును.

వార్త వెలువడుట వేరు, చేరుట వేరు. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచినది. తుపాను హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని సముద్రము ఊళ్లమీదికి రానున్నదను సంగతి, లేచి కదలుడను మాట, పల్లెలలోని గుడిసెలకు వేళకు చేరలేదు. సుమారు పదివేల మంది మరణించిరని ప్రభుత్వ లెక్కయే చెప్పుచున్నది. ఆ దుఃఖము పాఠమైనది. 1980 దశకమున ఉపగ్రహము ద్వారా హెచ్చరికలను ఆయా ప్రాంతపు భాషలలో వినిపించు యంత్రములను ఆంధ్ర, తమిళనాడు తీరములలో నెలకొల్పిరి. 1990 మే నెలలో మరల అదే తీరమును ఘోరమైన తుపాను తాకినపుడు లక్షలమందిని ముందుగానే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచినది. వారి భాషలో, వేళకు, ఏమి చేయవలెనో చెప్పగలుగుట ఈ మార్పునకు ఒక ముఖ్య కారణము.

ఒకే సాధనమును నమ్ముటయు తగదు. 2015 డిసెంబరు 2న చెన్నపట్టణము జలమయమైనపుడు, పనివారు ముద్రణాలయమునకు చేరలేక, 1878లో పుట్టిన హిందూ పత్రిక అచ్చట వెలువడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు పోయినది, మొబైల్ ఫోనులు మూగవోయినవి. చేతిలోని ఫోను ఉన్నంతవరకే తోడు. బ్యాటరీతో పనిచేయు చిన్న రేడియో ప్రతి వీధికి ఒకటైనను ఉండవలెను. ధర్మపురి, బెంగుళూరు ఆకాశవాణి కేంద్రములలో ఏది స్పష్టముగా వినవచ్చునో ఎండ కాయునపుడే చూచుకొనవలెను.

వాట్సాపులో వచ్చు వార్తలను గూర్చి చెప్పవలసినదే. ఏ దేశపు వరద చిత్రమో, ఏ యేటి ఆనకట్ట చిత్రమో ‘ఇప్పుడే తెగినది’ అను వ్రాతతో వచ్చును. తేదీ లేని వార్తను, చెప్పినవాడెవరో తెలియని వార్తను ముందుకు పంపరాదు. తమిళనాట ప్రదీప్ జాన్ వంటి ఔత్సాహికులు వానలను గూర్చి విశదముగా వ్రాయుచున్నారు. లక్షల జనము వారిని చదువుచున్నారు. చదువుట మంచిదే. కాని ఇల్లు విడుచుటా, ఉండుటా అను నిర్ణయమునకు ప్రభుత్వపు ప్రకటనయే ప్రమాణము కావలెను. జిల్లా అత్యవసర కేంద్రమునకు 1077, రాష్ట్ర కేంద్రమునకు 1070 సంఖ్యలు కలవు. వీనిని పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించుడు.

పూర్వము తలారి తప్పెట కొట్టి వీధి వీధిని చాటెడివాడు. చెరువు కట్ట బలహీనపడినదన్నను, ఏరు వచ్చుచున్నదన్నను ఆ గొంతు ఊరికి పరిచయమైనది కనుక జనము కదలెడివారు. 1980లో ఈ రాష్ట్రమున పాత కరణీకములు రద్దయి, గ్రామ పరిపాలనాధికారులు వచ్చిరి. వారు ప్రకటనను అందించెదరు. అది తమిళమున నుండును. దానిని అవ్వ చెవిలో తెలుగున చెప్పవలసినవారు ఎవరు? మన పిల్లలే. బడిలో తమిళము చదివి, ఇంట తెలుగు మాటాడు ఈ పిల్లలకు రెండు భాషలును తెలియును. దీనిని కొందరు లోపముగా తలచుచున్నారు. ఆపద వేళ ఇది ఊరికి పెట్టనికోట.

కావున సంఘము ముందు ఒక కోరిక ఉంచుచున్నాను. వీధికి ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను ఏర్పరచుడు. ఎరుపు రంగు ప్రకటన వెలువడిననాడు వారు తమిళ ప్రకటనను చదివి, ఇంటింటికి వెళ్లి మూడు సంగతులు తెలుగున చెప్పవలెను: ఎప్పుడు వచ్చును, ఎచ్చట ప్రమాదము, ఇప్పుడేమి చేయవలెను. ‘అతి కనమళై’ అని యున్నచో ‘మూడవ మెట్టు, అన్నిటికన్న పెద్ద వాన’ అని విడమరచి చెప్పవలెను. ఒంటరిగా నున్న వృద్ధుల యిండ్లకు, ఏటి యొడ్డున, చెరువు క్రింద నున్న యిండ్లకు మొదట వెళ్లవలెను. గుండ్లు మూసిన గులాబీ తోటల కూలీలను, మేకలు కాయువారిని మరువరాదు. పిడుగుల వేళ వారే బయట నుందురు.

మన భాషను కాపాడుకొనుట యనగా సభలలో పద్యములు చదువుట మాత్రమే కాదు. వాన రాత్రి తలుపు తట్టి, ‘అవ్వా, లెమ్ము, పోదము రమ్ము’ అని తెలుగున పిలుచువాడొకడు వీధిలో నుండుటయు భాషను కాపాడుకొనుటయే. ఈశాన్య వానలు రాకమునుపే ఆ పేర్ల పట్టిక సిద్ధము కావలెనని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.