పురానాపూల్
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మనలో హైదరాబాదు పోయివచ్చువారు మొజంజాహీ మార్కెట్టును ఎఱుగుదురు. అక్కడినుండి నైరుతిదిశగా, బేగంబజారు దాటి పోయినచో మూసీనది వచ్చును. దానిపైనున్న పురానాపూల్ అను రాతివంతెనను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

దీనిని 1578లో గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కట్టించెను. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఇతడే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. వంతెనకు 22 కమానులు కలవు. హైదరాబాదు నగరము వెలసినది 1591లో. అనగా వంతెన నగరముకంటె 13 ఏండ్లు పెద్దది. మహమ్మద్ కులీ భాగమతికొఱకు వరదలో ఏఱు దాటుట విని తండ్రి దీనిని కట్టించెనని కథ కలదు. కాని అప్పటికి ఆ రాకుమారునికి పదమూడేండ్లకు మించవు. కథ మధురమే, గోలకొండ రాకపోకలకు, వర్తకమునకు దారి కావలసివచ్చెననుట నమ్మదగినది. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఇది అందమున పారిస్ నగరపు పోం నెఫ్ వంతెనకు ఇంచుమించు సాటియని వ్రాసెను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణములు కొనిపోయెను. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయినవి. అన్నిటికంటె పాతదైన ఇది నిలిచెను.

వరదకు లొంగనిది అశ్రద్ధకు లొంగవచ్చును. రాళ్ల సందున మొలచిన రావిమొక్క కమానును చీల్చగలదు. పాత సున్నపుగారపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి రాతిని తినివేయును. ఇప్పుడు వాహనములు ప్రక్కనున్న కొత్తవంతెనపై పోవుచున్నవి. పాతదానిపై కూరగాయలవారు కూర్చుందురు. వారిని వెళ్లగొట్టుటయే రక్షణయని కొంద ఱందురు. నేనట్లు తలపను. 1935నాటి మొజంజాహీ మార్కెట్టును 2018లో బాగుచేయ మొదలిడి, 2020 ఆగస్టులో తిరిగి తెఱచిరి. కట్టడము బాగుపడెను, అంగళ్లును అక్కడనే యున్నవి. పురానాపూల్‌నకును అట్టి దారియే మేలు. బరువునకు హద్దు, చెత్తకు వేఱుచోటు, ఏటేట సందుల పరీక్ష, ఈ మూడును కావలెను.

వారసత్వ సంపద రక్షణకు తెలంగాణలో 2017లో చట్టము చేసిరి. కాని చట్టమునకు కన్నులు మనమే. మన యూరి చెఱువుతూము, కోనేటిమెట్లు, పొలముగట్టున ఒఱిగిన శాసనపురాయి, ఇవియు పూర్వులు మనకు అప్పగించినవే. వాని వివరములు వ్రాసియుంచుటకు ఈ గ్రంథాలయమున నేటినుండి ఒక పుస్తకము తెఱువవలెనని నా ప్రార్థన. మొదటి పుటను మన పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాయుదురు గాక!